స్టీల్ గిటార్‌పై కుడిచేయి: తరచుగా అడిగే ప్రశ్నలు

స్టీల్ గిటార్ కొత్తగా నేర్చుకుంటున్న ఎవరినైనా కదిపి చూడండి, ఎడమచేతి గురించే చెబుతారు. బార్ (తీగల మీద ఆనించి జరిపే లోహపు కడ్డీ) ఫ్రెట్ గీత మీద నిలవడం లేదనో, వైబ్రాటో మేకపిల్ల అరిచినట్టు వస్తోందనో. కుడిచేతి సంగతి ఎవరూ ఎత్తరు. మీటితే మోగుతోంది కదా, ఇంకేం కావాలి అనుకుంటారు. కింద ఉన్నవి ఆ దశ దాటి, ‘నేను వాయిస్తే ఎందుకింత గజిబిజిగా వినిపిస్తోంది’ అనుకునే దగ్గరికి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు. ఎక్కువగా పది తీగల పెడల్ స్టీల్‌ను (కాలితో పెడల్స్ తొక్కి తీగల స్థాయి మార్చే రకం), అందులోనూ ఇ9 అనే శ్రుతిని, అంటే తీగల్ని బిగించే ఆ పద్ధతిని, దృష్టిలో పెట్టుకుని రాశాను. ల్యాప్ స్టీల్ (పెడల్స్ లేకుండా ఒళ్లో పెట్టుకుని వాయించేది), డోబ్రో (లోపలి లోహపు శంకువుతో మోగే గిటార్) వాయించేవాళ్ల కోసం ఒక ప్రశ్న విడిగా ఉంది.

బార్ పట్టే చేయే కదా ముఖ్యం? కుడిచేతికి ఇంత ప్రాధాన్యం ఎందుకు?

మామూలు గిటార్‌లో స్వరాన్ని ఆపే పని చాలావరకు ఎడమచేయే చూసుకుంటుంది. ఫ్రెట్ మీద వేలు కాస్త వదులు చేస్తే చాలు, తీగ ఊరుకుంటుంది. స్టీల్ గిటార్‌లో ఆ సౌకర్యం లేదు. బార్ తీగలన్నిటి మీదా అడ్డంగా పడి ఉంటుంది. ఒకసారి మీటిన తీగను పనిగట్టుకుని ఆపితే తప్ప అది మోగుతూనే ఉంటుంది. పైగా ఈ వాద్యానికి ఉన్న పేరే నాదం చాలాసేపు నిలుస్తుందని. ఆ గొప్పతనమే కొత్తవాళ్ల ప్రాణం తీస్తుంది. మొదటి స్వరం ఇంకా మోగుతుండగా రెండోది, ఆ రెండూ మోగుతుండగా మూడోది. ఒక్కొక్కటీ శ్రుతిలోనే ఉంటుంది, కలిపి వింటే మాత్రం రొద.

అందుకే నా దృష్టిలో స్టీల్ గిటార్‌పై కుడిచేతి అసలు పని మీటడం కాదు, ఆపడం. మీటడం ఎవరికైనా ఒక్క పూటలో వస్తుంది. ఏ తీగను ఎప్పుడు ఎంతసేపు మోగనివ్వాలో, ఎక్కడ నోరు మూయించాలో చేతికి అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది. ఆపడాన్ని ఇంగ్లీషులోలాగే అందరూ ‘బ్లాకింగ్’ అంటారు కాబట్టి నేనూ అదే మాట వాడుతున్నాను.

నా బ్లాకింగ్ ఎలా ఉందో తెలుసుకోవడం ఎలా?

రివర్బ్, డిలే లాంటి ప్రతిధ్వని ఎఫెక్టులు పూర్తిగా తీసేయండి. వాల్యూమ్ పెడల్ పక్కన పెట్టేయండి. బార్‌ను ఐదో ఫ్రెట్ మీద పెట్టి ఎనిమిదో తీగ, ఆరో తీగ, ఐదో తీగ ఒకదాని తర్వాత ఒకటి నెమ్మదిగా మీటండి. ఐదో తీగ మీటాక చేతులు కదపకుండా వినండి. ఐదోది ఒక్కటే వినిపిస్తే మీకు ఈ పేజీలో సగం అవసరం లేదు. మూడూ కలిసి ఒక మేజర్ కార్డ్‌గా మోగుతుంటే, అది మీరు కోరుకుని వాయించిన కార్డ్ కాదు, ఆపకపోవడం వల్ల మిగిలిపోయిన కార్డ్. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వింటే ఇంకా బాగా తెలుస్తుంది. వాయిస్తున్నప్పుడు మన చెవి మనల్ని క్షమించేస్తుంటుంది.

చేయి ఎక్కడ, ఎలా పెట్టాలి?

ముందు కుర్చీ సంగతి చూసుకోండి. మోచేయి దాదాపు తీగల ఎత్తుకు రావాలి, లేదా పిసరంత పైన ఉండాలి. కుర్చీ మరీ కిందికి ఉంటే మణికట్టు వెనక్కి విరుగుతుంది, భుజం పైకి లేస్తుంది. ఆ భంగిమలో ఎంత సాధన చేసినా చేయి బిగుసుకుపోవడమే.

చేయి తీగల మీదికి వాలినప్పుడు బొటనవేలు ఎడమవైపు బార్ దిశగా, చిటికెనవేలి వైపు అంచు కుడివైపు బ్రిడ్జి (తీగలు కుడి చివర ఆనే చోటు) దిశగా ఉంటాయి. ఆ అంచు తీగలకు తగిలీ తగలనట్టు ఆని ఉండాలి. మణికట్టు తిన్నగా ఉండాలి. చూపుడువేలు, మధ్యవేలు సహజంగా వంగి ఉండాలి. మిగిలిన రెండు వేళ్లను కొందరు అరచేతిలోకి ముడుస్తారు, కొందరు చాపి తీగల మీద ఆనిస్తారు. రెండు పద్ధతుల్లోనూ గొప్పగా వాయించినవాళ్లు ఉన్నారు. కూడని పనల్లా ఆ రెండు వేళ్లనూ గాల్లో కర్రల్లా బిగబట్టడమే. ఆ బిగువు మధ్యవేలికి పాకుతుంది. చిటికెనవేలు బిగించి మధ్యవేలు వేగంగా ఆడించి చూడండి, ఇట్టే అర్థమవుతుంది.

ఏ పిక్స్ వాడాలి?

పిక్స్ అంటే తీగ మీటడానికి వేళ్లకు పెట్టుకునే తొడుగులు. బొటనవేలికి ప్లాస్టిక్ పిక్, చూపుడువేలికీ మధ్యవేలికీ లోహపు పిక్స్. పెడల్ స్టీల్‌లో ఎక్కువమంది వాడకం ఇదే. లోహపు పిక్స్ మందాన్ని అంగుళాల్లో చెబుతారు. 0.013 నుంచి 0.025 వరకు దొరుకుతాయి. పలచనివి తేలిగ్గా వంగుతాయి, వాటితో శబ్దమూ పలచగా వస్తుంది. మందంగా ఉన్నవాటికి బలం ఎక్కువ, కానీ వేలికి సరిపోయేలా వంచడం కష్టం. మొదట 0.020 చుట్టుపక్కల ఏదో ఒకటి తీసుకుని, కొన్నాళ్ల తర్వాత అటూ ఇటూ మార్చి చూడండి.

కొన్న పిక్‌ను కొన్నట్టే తొడుక్కోకూడదు. కొత్త లోహపు పిక్ నాలుక తిన్నగా ఉంటుంది. దాన్ని వేలికొన వంపును అనుసరించేలా కొద్దిగా లోపలికి వంచాలి. నాలుక గోరు వైపు కాదు, మెత్తటి కండ వైపు ఉండాలి. ఇది తెలియక తిరగేసి తొడుక్కునేవాళ్లు నిజంగానే ఉన్నారు. వేలికొన దాటి రెండు మిల్లీమీటర్లు బయటికి ఉంటే చాలు. ఇంకా పొడుగుంటే తీగల్లో చిక్కుకుంటుంది. కండ తీగకు ఎంత దగ్గరగా ఉంటే ఆపడం అంత సులువు, ఎందుకంటే చాలాసార్లు తీగను నిశ్శబ్దంగా పట్టేది పిక్ పక్కనున్న ఆ కండే.

బొటనవేలి పిక్ వదులుగా ఉంటే వేడినీళ్లలో కాసేపు ఉంచి, మెత్తబడ్డాక వంచి, చల్లటి నీళ్లలో ముంచండి. మంట దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. వాటిలో కొన్ని సెల్యులాయిడ్‌తో చేసినవి, భగ్గుమంటాయి.

పిక్స్ లేకుండా వట్టి వేళ్లతో వాయించకూడదా?

వాయించొచ్చు. ల్యాప్ స్టీల్ మీద నెమ్మదైన పాటలకు ఆ మెత్తదనం బాగుంటుంది. ఆపడం కూడా వట్టి వేలితోనే తేలిక. కానీ పెడల్ స్టీల్‌లో ఒక్కో స్వరం స్పష్టంగా, మొనదేలి రావాలంటే పిక్ ఉండాల్సిందే. పిక్స్ ఇబ్బందిగా ఉన్నాయని మానేయాలనుకుంటే మాత్రం ఓపిక పట్టండి, ఆ ఇబ్బంది కొన్ని వారాల్లో పోతుంది.

పామ్ బ్లాకింగ్ అంటే ఏమిటి? ఎలా నేర్చుకోవాలి?

అరచేతి అంచుతో తీగల్ని ఆపడం. వినడానికి ఇంతే. కష్టమంతా సమయపాలనలో ఉంది.

ఇలా చేసి చూడండి. బార్ ఐదో ఫ్రెట్ మీద. బొటనవేలు ఎనిమిదో తీగ మీద, చూపుడువేలు ఆరో తీగ మీద, మధ్యవేలు ఐదో తీగ మీద పెట్టండి. అరచేతి అంచు తీగలకు ఆని ఉంది, అంతా నిశ్శబ్దం. ఇప్పుడు మూడు వేళ్లతో ఒకేసారి మీటండి. మీటే క్షణంలోనే అంచు పిసరంత లేవాలి. మోచేయిగానీ భుజంగానీ లేవకూడదు. మణికట్టు దగ్గర చిన్న తిప్పు, అంతే. కార్డ్ మోగింది. ఇప్పుడు అదే అంచు తిరిగి వాలి మూడు తీగల్నీ ఒక్కసారిగా ఆపాలి, అదే సమయంలో మూడు పిక్స్ మళ్లీ తమ తమ తీగల మీదికి చేరాలి. అంటే ఆపడంతోనే తర్వాతి మీటుకు చేయి సిద్ధమైపోతుంది. మీటడం ఒక పని, ఆపడం ఇంకో పని అన్నట్టు రెండు ముక్కలుగా చేస్తే ఎప్పటికీ వేగం రాదు.

అంచు ఎత్తు గురించి ఒక మాట. కొత్తవాళ్ల చేయి ప్రతి మీటుకూ తీగలకు రెండు మూడు అంగుళాలు పైకి ఎగురుతుంది. వేదిక మీద చూడటానికి బాగుంటుందేమో గానీ, అంత పైనుంచి దిగొచ్చేసరికి తాళం దాటిపోతుంది. తీగ కంపించడానికి కావాల్సినంత ఖాళీ ఉంటే చాలు. పక్కన కూర్చున్న మనిషికి చేయి లేచిందో లేదో అనుమానం రావాలి.

అంచు వాలేటప్పుడు ‘దబ్’మనే చప్పుడు వస్తుంటే మీరు కొడుతున్నారన్నమాట. చేతి బరువుతో వాలితే చాలు. మరీ నెమ్మదిగా, ఒక్కొక్క తీగకే తగులుతూ వాలితే మాత్రం సన్నగా హార్మోనిక్స్ పలుకుతాయి. ఆ ఈల లాంటి శబ్దం వింటే కంగారు పడొద్దు, అంచు తీగలన్నిటికీ ఒకేసారి తగలడం లేదని దానర్థం.

మరి పిక్ బ్లాకింగ్?

ఇందులో అరచేతికి పని లేదు. మీటిన వేలే తిరిగొచ్చి తీగను ఆపుతుంది. బొటనవేలితో ఐదో తీగ మీటారు. తర్వాతి స్వరం నాలుగో తీగ మీద, మధ్యవేలితో. మధ్యవేలు నాలుగో తీగ మీటే సరిగ్గా అదే క్షణంలో బొటనవేలు తిరిగి ఐదో తీగ మీద వాలాలి. కిందికి దిగుతున్నప్పుడూ అంతే. బొటనవేలు ఐదోది మీటుతుంటే మధ్యవేలు నాలుగోదాని మీద కూర్చోవాలి. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవాలి, ఇద్దరూ ఒకేసారి లేచి ఉండకూడదు.

ఒకే తీగను వరసగా మీటేటప్పుడు దీని పని ఇంకా సులువు. బొటనవేలు మీటాక అదే తీగను మధ్యవేలు తాకగానే మొదటి స్వరం తెగుతుంది, మీటగానే రెండోది పుడుతుంది. తాకడానికీ మీటడానికీ మధ్య ఎంత ఆగితే స్వరం అంత పొట్టిగా వస్తుంది. ఈ ఒక్క సంగతి చేతికి ఎక్కితే పిక్ బ్లాకింగ్ సగం వచ్చినట్టే.

రెండింటిలో ఏది ముందు నేర్చుకోవాలి? ఏది మేలు?

ఈ విషయంలో వాయించేవాళ్ల మధ్య వాదాలకు అంతు లేదు. నన్నడిగితే పామ్ బ్లాకింగ్ ముందు. కార్డులు, రెండేసి తీగల మీద నడిచే వరసలు, నెమ్మది పాటలు అన్నీ దానితోనే నడుస్తాయి. చేతికి ఒక స్థిరమైన ఇల్లు కూడా దొరుకుతుంది. అది కుదురుకున్నాక వేగంగా సాగే ఒంటి స్వరాల కోసం పిక్ బ్లాకింగ్. మంచి వాయిద్యగాళ్లలో చాలామంది రెండూ కలిపే వాడతారు, ఎక్కడ ఏది వాడారో వాళ్లకే గుర్తుండదు.

మూడో సాయం ఒకటుంది, దాన్ని అందరూ మర్చిపోతారు: ఎడమచేయి. బార్ వెనుక వేళ్లు తీగల మీద మెత్తగా ఆనుకుని ఉంటే బార్ వెనుక భాగం నుంచి వచ్చే అనవసర మోత పోతుంది. కుడిచేయి ఎంత శుభ్రంగా ఆపినా, ఆ వేళ్లు గాల్లో ఉంటే వెనకాల ఏదో గుయ్‌మంటూనే ఉంటుంది.

పిక్ తీగను తాకినప్పుడల్లా ‘టిక్’ అంటోంది. ఏం చేయాలి?

కంపిస్తున్న తీగకు లోహం తగిలితే కొంత శబ్దం తప్పదు. పాట మధ్యలో, మిగతా వాద్యాల నడుమ అందులో చాలామటుకు వినిపించదు కూడా. మీకు మీరు మాత్రమే వినే శబ్దం కోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

అది నిజంగానే ఎక్కువగా ఉంటే మూడు చోట్ల వెతకండి. పిక్ నాలుక తీగకు ఏటవాలుగా తగులుతోందేమో చూడండి. పిక్ బల్లపరుపుగా తాకాలి, ఒక మూల మాత్రమే తగిలితే గీరుతుంది. పిక్ అంచు అరిగి గరుకెక్కిందేమో వేలితో తడిమి చూడండి. సన్నటి గరుకు కాగితంతో నున్నగా చేయొచ్చు. మూడోది సందేహం. వేలు తీగ మీద వాలాలా వద్దా అని తటపటాయిస్తే తీగ పిక్‌ను రెండు మూడుసార్లు కొడుతుంది, అదే ఆ జిర్రుమనే శబ్దం. వాలితే గట్టిగా, ఒక్కసారే వాలాలి.

ఏ తీగకు ఏ వేలు వాడాలో తెలియడం లేదు. నియమం ఏదైనా ఉందా?

కార్డులకు ఉంది. మూడు తీగలు పట్టేటప్పుడు మీకు దగ్గరగా ఉన్న లావు తీగకు బొటనవేలు, నడిమిదానికి చూపుడువేలు, దూరంగా ఉన్న సన్నదానికి మధ్యవేలు. ఇ9లో రోజూ వాడే పట్లు 10-8-6, 8-6-5, 6-5-4, 5-4-3. చూడకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి మారగలగాలి. 6-5-4లో మూడు తీగలూ పక్కపక్కనే ఉంటాయి. 8-6-5లో బొటనవేలు ఒక తీగ దాటి కూర్చోవాలి. 10-8-6లో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకటి, చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇంకోటి ఖాళీ. వేళ్ల మధ్య ఈ ఎడాన్ని చేయి గుర్తుపెట్టుకోవాలి, కళ్లు కాదు. కళ్లకు బార్ దగ్గర పని ఉంది.

ఒంటి స్వరాల దగ్గరికి వచ్చేసరికి ఇ9 ఒక తిరకాసు పెడుతుంది. తీగలన్నీ వరసగా కింది స్థాయి నుంచి పై స్థాయికి వెళ్తాయనుకుంటాం కదా, ఇక్కడ అలా లేదు. ఒకటో తీగ ఎఫ్ షార్ప్, రెండోది డి షార్ప్, మూడోది జి షార్ప్. అంటే అన్నిటికన్నా పై స్థాయి తీగ మూడోది. మొదటి రెండూ స్కేల్‌లో ఖాళీలు పూడ్చడానికి తర్వాత చేర్చినవి. 1960ల మొదట్లో వాటిని ఇ9కి తెచ్చిన ఘనత పెడల్ స్టీల్ వాయిద్యగాడు బడ్డీ ఎమ్మన్స్‌కు దక్కుతుంది. పెడల్ స్టీల్ పలుకుబడినే మార్చేసిన ఆ రెండు తీగలే కుడిచేతికి తలనొప్పి కూడా.

బార్ లేకుండా ఇ మేజర్ స్కేల్ పైకి వాయించి చూడండి. ఎ, బి అనే పెడల్స్ తొక్కితే అదే తీగ స్థాయి పెరిగి తర్వాతి స్వరం పలుకుతుంది. ఎనిమిదో తీగ, ఏడు, ఆరు, బి పెడల్ తొక్కి మళ్లీ ఆరు, ఐదు, ఎ పెడల్ తొక్కి మళ్లీ ఐదు. ఇంతవరకు మామూలే. తర్వాత డి షార్ప్ కోసం రెండో తీగకు దూకాలి, ఇ కోసం నాలుగో తీగకు వెనక్కి రావాలి. అక్కడినుంచి ఇంకా పైకి పోవాలంటే ఒకటి, ఆ తర్వాత మూడు. ఐదు, రెండు, నాలుగు, ఒకటి, మూడు. ఒక్కో వేలికి ఒక్కో తీగ అని లెక్క వేసుకుంటే బుర్ర తిరిగిపోతుంది. ఇలా చూడండి: బొటనవేలు ఐదు, నాలుగు, మూడు మీద మెట్టు మెట్టుగా నడుస్తుంది. మధ్యవేలు రెండు, ఒకటి మీద నడుస్తుంది. ఇద్దరూ వంతులవారీగా. చేయి ముందుకీ వెనక్కీ దూకాల్సిన అవసరమే లేదు, మొత్తంగా మెల్లగా అవతలికి జరుగుతుందంతే. ఈ అయిదు స్వరాల్ని నెమ్మదిగా, ఒక్కొక్కటీ తర్వాతిది పుట్టగానే తెగిపోయేలా వాయించగలిగితే మీ కుడిచేయి దారిలో పడ్డట్టే. బార్‌ను మూడో ఫ్రెట్ మీద పెడితే ఇదే జి మేజర్ అవుతుంది, వేళ్ల నడక మారదు.

కార్డ్ వాయిస్తే ఒక తీగ మాత్రమే గట్టిగా వినిపిస్తోంది.

దాదాపు ఎప్పుడూ అది బొటనవేలే అయి ఉంటుంది. దాని బలం వేరు. వేళ్లు లోపలికి, అరచేతి వైపు లాగాలి, పైకి పీకకూడదు. పైకి పీకితే తీగ నిలువుగా ఊగుతుంది, శబ్దం తెగి పడినట్టు వస్తుంది. మధ్యవేలి తీగ మీద పాట నడుస్తుంటే అదే కాస్త పైన వినిపించాలి. అందుకని మూడు తీగల్నీ ఒకే బలంతో మీటడం, తర్వాత మధ్యవేలిని మాత్రమే గట్టిగా, ఆ తర్వాత చూపుడువేలిని మాత్రమే గట్టిగా మీటడం సాధన చేయండి. విసుగు పుట్టే పనే, కాదనను.

వేగం ఎలా పెంచుకోవాలి?

ముందు ఆపడం, తర్వాత వేగం. వేగంగా వాయిస్తున్నప్పుడు గజిబిజిగా ఉంటే, నెమ్మదిగా వాయించినప్పుడూ గజిబిజిగానే ఉందన్నమాట. అప్పుడు చెవికి పట్టలేదంతే.

మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 మీద పెట్టండి. ఐదో తీగ మీద బొటనవేలు, మధ్యవేలు మార్చి మార్చి, ఒక్కో దెబ్బకు ఒక్కో స్వరం. స్వరం సగం దెబ్బ మోగాలి, మిగతా సగం నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం కూడా కొలిచినట్టు రావాలి. అది కుదిరాక దెబ్బకు రెండు, తర్వాత నాలుగు. దెబ్బకు నాలుగు శుభ్రంగా వచ్చాకే 64, 68 అంటూ పైకి వెళ్లండి. ఏ రోజైనా చేయి బిగుసుకుంటే ఆ రోజుకు నాలుగు అంకెలు తగ్గించండి. పంతం పట్టి లాభం లేదు.

బొటనవేలు-మధ్యవేలు జంట చాలామందికి మొదట కుదురుతుంది. బొటనవేలు-చూపుడువేలు జంటను కూడా విడిగా సాధన చేయండి. చూపుడు-మధ్య జంట అన్నిటికన్నా మొండిది, దానికి అందరికన్నా ఎక్కువ సమయం ఇవ్వాలి. ఇంతా చేసి ఎవరిలా వాయించాలన్న ప్రశ్న వస్తే, 1950ల్లో గిటారిస్ట్ జిమ్మీ బ్రయంట్‌తో పోటీపడి వాయించిన స్పీడీ వెస్ట్ రికార్డింగులు వినండి. పేరుకు తగ్గ మనిషి.

రోజుకు ఎంతసేపు, ఏమేం చేయాలి?

పావుగంట కుడిచేతికి మాత్రమే ఇవ్వగలిగితే చాలు, కానీ రోజూ ఇవ్వాలి. ఒకే తీగ మీద పైన చెప్పిన అభ్యాసం కొంచెం. తర్వాత ఐదు, నాలుగు తీగల మధ్య పిక్ బ్లాకింగ్. తర్వాత బొటన-చూపుడు-మధ్య వరసలో, దాన్ని తిరగేసి మధ్య-చూపుడు-బొటన వరసలో 8-6-5 మీద ఒక్కొక్క స్వరంగా. ఒకసారి మూడూ కలిసి మోగనివ్వండి, ఇంకోసారి ఒక్కొక్కటీ తెగ్గొట్టండి. ఏది కావాలంటే అది చేయగలగడమే లక్ష్యం.

నేను అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇస్తుందనుకునే అభ్యాసం వేరే ఉంది. 8-6-5 పట్టు మూడో ఫ్రెట్ మీద మీటండి, ఆపండి, బార్‌ను ఐదో ఫ్రెట్‌కు జరపండి, మీటండి, ఆపండి, ఏడుకు జరపండి. బార్ జరిగేటప్పుడు ఒక్క చుక్క శబ్దం కూడా వినిపించకూడదు. స్టీల్ గిటార్ అంటే జారుడే కదా, జారకుండా వాయించడం ఎందుకు అనిపిస్తుంది. జారించాలా వద్దా అన్నది మీ ఇష్టం అయినప్పుడే ఆ జారుడుకు అందం. ప్రతి స్వరం తర్వాతి స్వరంలోకి జారిపోతుంటే శ్రోతకు కడుపులో తిప్పినట్టుంటుంది.

తీగను ఏ చోట మీటాలి?

బ్రిడ్జి దగ్గర మీటితే శబ్దం పదునుగా, పలచగా వస్తుంది. ఫ్రెట్ బోర్డ్ చివరి వైపు జరిగేకొద్దీ గుండ్రంగా, మెత్తగా మారుతుంది. సాధారణంగా పికప్‌కూ ఫ్రెట్ బోర్డ్ చివరకూ నడుమ చేయి ఉంటుంది.

చాలామందికి తట్టని విషయం ఏమిటంటే, బార్ పైకి పోయేకొద్దీ మోగే తీగ పొడవు తగ్గిపోతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర అది సగమే. చేయి ఉన్నచోటే ఉంచి వాయిస్తే, తీగ పొడవులో మీరు మీటే చోటు నడిమధ్యకు దగ్గరవుతూ వస్తుంది. బార్ పన్నెండులో ఉండగా 24వ ఫ్రెట్ స్థానంలో మీటితే సరిగ్గా మధ్యలో మీటినట్టు, శబ్దం డొల్లగా వస్తుంది. పై ఫ్రెట్లలో టోన్ మారిపోతోందని ఆంప్లిఫైయర్ మీటలు తిప్పే ముందు చేతిని కాస్త బ్రిడ్జి వైపు జరిపి చూడండి. పెడల్స్ జోలికి పోకుండా స్టీల్ వాయించి టోన్‌కు పేరుపడ్డ జెర్రీ బర్డ్ (1920–2005) రికార్డింగులు వింటే, చేతుల్లోంచి ఎంత రంగు తీయొచ్చో తెలుస్తుంది.

వాల్యూమ్ పెడల్ ఉంది కదా, దానితో ఆపేస్తే పోదా?

పోదు. పెడల్ మొత్తం శబ్దాన్ని తగ్గిస్తుంది, ఏ తీగ అక్కర్లేదో దానికి తెలియదు. కొంతమంది ప్రతి స్వరానికీ పెడల్ మూసి, మీటి, తెరుస్తారు. దానివల్ల మీటు మొన కనిపించకుండా పోతుంది, కుడిచేతి లోపం కూడా కనిపించకుండా పోతుంది. అందుకే అది అంత తీపి. మీటేటప్పుడు పెడల్ సగం దాకా తెరిచి, నాదం తగ్గుతుంటే మెల్లగా మిగతాది తెరవడం దాని అసలు వాడకం.

ల్యాప్ స్టీల్, డోబ్రో వాళ్లకూ ఇవన్నీ వర్తిస్తాయా?

ల్యాప్ స్టీల్‌కు దాదాపు అన్నీ. సి6 శ్రుతిలో తీగలు వరసగా ఉంటాయి కాబట్టి ఇ9 తిరకాసు ఉండదు. డోబ్రోలో నాదం అంతసేపు నిలవదు, తీగలు ఎత్తుగా ఉంటాయి, మీటు గట్టిగా ఉండాలి. ఖాళీ తీగలు ఎక్కువగా వాడతారు, బాంజోలోలా మూడు వేళ్ల వరసలు నడుస్తాయి. అక్కడ బార్ ఎత్తి దించడం ద్వారా కూడా చాలా ఆపుతారు.

హిందుస్థానీ స్లైడ్ గిటార్ దారి వేరు. విశ్వమోహన్ భట్, దేబాశిష్ భట్టాచార్య వాద్యాల్లో పాట పలికే తీగలతో పాటు శ్రుతికీ లయకూ మీటే చికారీ తీగలు, వాటంతట అవే స్పందించే తరఫ్ తీగలు ఉంటాయి. అవి మోగాలనే పెట్టినవి. పెడల్ స్టీల్ అలవాటుతో అరచేతి అంచు వాల్చేస్తే ఆ వాద్యం ప్రాణమే పోతుంది.

అరచేతితో హార్మోనిక్స్ ఎలా తీస్తారు?

బార్ ఉన్న ఫ్రెట్‌కు పన్నెండు ఫ్రెట్లు పైన తీగను అరచేతి అంచుతో తేలిగ్గా తాకి, బొటనవేలితో మీటి, వెంటనే అంచు ఎత్తేయాలి. బార్ ఐదులో ఉంటే తాకే చోటు పదిహేడు. ఒక స్థాయి పైన గంటలా మోగుతుంది. ఏడు ఫ్రెట్లు పైన తాకితే ఒక స్థాయి, దానిమీద పంచమం వస్తుంది. తాకడం పక్కాగా గీత పైన ఉండాలి. ఎత్తడం ఆలస్యమైతే స్వరం చచ్చిపోతుంది.

చేయి నొప్పి పెడుతోంది. భరించాలా?

భరించొద్దు. ముంజేయి అలసినట్టుంటే విరామం ఇవ్వండి, కుర్చీ ఎత్తు, మణికట్టు వంపు చూసుకోండి. పిక్ బిగుతుగా ఉండి వేలికొన తిమ్మిరెక్కుతుంటే పిక్ వదులు చేయండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మూడూ రాత్రిళ్లు తిమ్మిరి పడుతుంటే అది మణికట్టు దగ్గర నరం మీద ఒత్తిడి కావొచ్చు. సాధన ఆపి డాక్టర్‌కు చూపించుకోండి.

నాది ఎడమచేతి వాటం. వాద్యం తిప్పి కొనుక్కోవాలా?

ఎడమచేతివాళ్లకు ప్రత్యేకంగా చేసిన పెడల్ స్టీల్స్ ఉన్నాయి గానీ అరుదు. రెండు చేతులకూ సమానంగా కొత్త పనే కాబట్టి మామూలుదే నేర్చుకోమంటాను.

ఉంగరపువేలికి కూడా పిక్ తొడుక్కోవచ్చా?

నాలుగు తీగల కార్డులు ఎక్కువగా వాడే సి6 వాయిద్యగాళ్లు కొందరు తొడుక్కుంటారు. ఇబ్బందల్లా ఆ వేలు అరచేతి అంచుకు ఆసరాగా పనికిరాకుండా పోవడం. పామ్ బ్లాకింగ్ స్థిరపడ్డాక ప్రయత్నించండి.

మూడో తీగ మాటిమాటికీ తెగుతోంది. గట్టిగా మీటడం వల్లేనా?

చాలావరకు కాదు. ఇ9లో మూడోది సాధారణంగా 0.011 అంగుళాల సన్న తీగ, దాన్ని జి షార్ప్ దాకా బిగిస్తాం, బి పెడల్ తొక్కినప్పుడల్లా అది ఇంకా పైకి, ఎ దాకా లాగబడుతుంది. అందరికీ ముందు తెగేది అదే. ఎక్కడ తెగిందో చూడండి. బ్రిడ్జి దగ్గర, చేంజర్ (పెడల్ తొక్కినప్పుడు తీగను లాగే భాగం) వంపు మీద తెగితే అది అరుగుదల. అక్కడ తీగ కోసుకుపోయిన గాడి పడి ఉంటే నున్నగా చేయించాలి, ఈలోగా తీగను తెగకముందే మారుస్తుండాలి. మీరు మీటే చోట తెగుతుంటే మాత్రం పిక్ అంచు ఎక్కడో కత్తిలా మారింది, దాన్ని మార్చేయండి.